గట్టు మీది చెట్టు ఎవరిది?

వానలు మొదలైతే మా సంఘం గదికి రెండు రకాల మనుషులు వస్తారు. మొక్కలు ఎక్కడ దొరుకుతాయని అడిగేవారు కొందరు. ఎప్పుడో నాటిన మొక్క చెట్టయ్యాక పక్కవారితో తగవు పడి వచ్చేవారు కొందరు. మొదటివారికి నర్సరీ దారి చూపిస్తే చాలు. రెండోవారిని మాత్రం కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, సంచిలోంచి కాగితాలు తీయమనాలి.

ఈమధ్య ఒక సభ్యుడు వచ్చారు. పక్కవారి కొబ్బరి మట్ట పడి ఆయన వంటింటి రేకు పగిలింది. ఫోనులో ఫోటో చూపించారు. ఆ చెట్టు అసలు తన స్థలంలోనే ఉందని ఆయన అనుమానం. చేతిలో తాతగారి నాటి దస్తావేజు ఉంది, అది తెలుగులో ఉంది. ఆయన ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. పట్టా తమిళంలో ఉంది, అది చదవగల కొడుకు బెంగళూరులో ఉన్నాడు. "ఇందులో మా హద్దు ఎక్కడుందో కాస్త చెప్పండి సార్" అన్నారు. మేము చదివాం. తూర్పు హద్దు ఫలానా వారి చింతచెట్టు అని ఉంది. ఆ చింతచెట్టును కొట్టి ఎన్నేళ్లయిందో ఆయనకూ తెలియదు.

తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశా, యానాంలలో తరాలుగా స్థిరపడిన మన ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. దస్తావేజు ఒక భాషలో, పట్టా ఇంకో భాషలో, ఇంటివారి చదువు మూడో భాషలో ఉంటాయి. మధ్యలో గట్టు మీద చెట్టు పెరుగుతూ ఉంటుంది. అందుకే మొక్క నాటడానికి ముందు ఏం చూసుకోవాలో, నాటేశాక తగవొస్తే ఏం చేయాలో మాకు తెలిసింది రాస్తున్నాం.

ముందు మా ఇంటి సంగతి

మేము ఉండేది హొసూరు పక్కన. ముప్పై ఏళ్లు ఆఫీసులో ఇతరుల కాగితాలను ఫైళ్లలో పెట్టిన వాళ్లం, మా ఇంటి కాగితాలు తెరిచి చూడలేదు. నాన్నగారి కాలంలో మా తోటకూ పక్కవారి తోటకూ మధ్య మూడడుగుల గట్టు ఉండేది. మా వైపు దాన్ని గెనిమ అంటాం. నాన్నగారు ఆ గెనిమ మీద గోరింట కంచె వేసి, కంచెను ఆనుకుని రెండు కొబ్బరి మొక్కలు పెట్టారు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. కంచె ఒత్తుగా పెరిగి నాలుగడుగుల మందం అయింది. కంచె అవతలి అంచే మా హద్దు అని మేమంతా నమ్ముతూ పెరిగాం.

పక్క తోట ఆయనను మేము అన్నా అనే పిలుస్తాం. ఇంట్లో కన్నడ, వీధిలో తెలుగు, ఆఫీసులో తమిళం మాట్లాడే మనిషి. ఆయన కొడుకు ఇల్లు కట్టడానికి వచ్చి, గోడ కోసం కంచె తీసేస్తామన్నాడు. మేము ఒప్పుకోలేదు. మాట పెరిగింది. రెండేళ్లు పలకరింపులు లేవు, ఆ ఇంటి పెళ్లికి మేము వెళ్లలేదు. చివరికి వాళ్లే సర్వేకు దరఖాస్తు పెట్టారు. సర్వేయరు వచ్చి గొలుసు పరిచి, కంచె మొదట్లో చెత్త తవ్వించగా హద్దురాయి బయటపడింది. గీత గెనిమ నడుమ నుంచి పోయింది. కంచె దాదాపు అంతా వాళ్ల వైపు ఉంది. ఒక కొబ్బరిచెట్టు సరిగ్గా గీత మీద ఉంది, రెండోది అడుగు మేర వాళ్ల స్థలంలో ఉంది.

ఆ రోజు మేము తలెత్తలేకపోయాం. అన్నే వచ్చి, "ఇంత వయసొచ్చి రెండు చెట్లకా తమ్ముడూ కోర్టుకు పోయేది? కాయలు నువ్వే కోసుకో, చెట్టు పోయినాక మళ్లీ అక్కడ పెట్టొద్దు" అన్నాడు. ఆ మాటనే కాగితం మీద పెట్టుకున్నాం. ఆ కాగితం సంగతి తర్వాత చెబుతాం.

కాగితంలో హద్దు ఎక్కడుంటుంది

తెలుగు దస్తావేజుల్లో నాలుగు దిక్కుల హద్దులను చెక్కుబందీ అంటారు. కన్నడంలోనూ చక్కుబంది అనే మాటే ఉంది, తమిళ దస్తావేజుల్లో నాన్గెల్లై అని రాస్తారు. మరాఠీలో చతుఃసీమ, ఒడియాలో చౌహద్ది. భాష ఏదైనా ఆ నాలుగు వరుసలు వెతికి, పెన్సిలుతో గీత పెట్టుకోండి. హద్దుగా పొరుగువారి పేరు రాస్తే ఆ పేరు గలవారి వారసులెవరో చూడాలి. బాట, కాలువ, చెరువు రాస్తే అది ఇప్పటికీ ఉందో లేదో చూడాలి. చెట్టు రాస్తే మాత్రం చిక్కే. చెట్టు చస్తుంది, లేదా లావెక్కుతుంది. అడుగు మందం ఉన్న చింత నాలుగడుగులైతే హద్దు దాని ఏ అంచున ఉన్నట్టు?

దస్తావేజులో విస్తీర్ణం ఒకలా, హద్దులు ఒకలా ఉంటే కోర్టులు సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి. కొన్నది పది సెంట్లని రాసి ఉన్నా, నాలుగు హద్దుల మధ్య నేల తొమ్మిదిన్నర సెంట్లే ఉంటే, మిగిలిన అర సెంటు పక్కవారి దగ్గర ఉందని అర్థం కాదు. చాలా తగవులు ఈ అపార్థంతోనే మొదలవుతాయి.

కొలతల పేర్లూ మోసం చేస్తాయి. సెంటు 435.6 చదరపు అడుగులు, నూరు సెంట్లు ఒక ఎకరం. కర్ణాటక, మహారాష్ట్రలలో 40 గుంటలు ఒక ఎకరం, అంటే గుంట 1,089 చదరపు అడుగులు. ఒడిశాలో అదే గుంట ఎకరంలో 25వ వంతు. బరంపురం చుట్టం చెప్పిన గుంటల లెక్కకు సోలాపురంలో వేరే అర్థం వస్తుంది. తమిళనాడు పట్టాలు ఇప్పుడు హెక్టారు, ఏరులలో ఉంటాయి. ఒక ఏరు 2.47 సెంట్లు.

అన్నిటికంటే ఎక్కువ తగవులు తెచ్చేది లింకు. పాత సర్వే నక్షాల్లో అంకెలు అడుగులు కావు, లింకులు. 66 అడుగుల గొలుసులో 100 లింకులు ఉంటాయి, ఒక లింకు 7.92 అంగుళాలు. మా సభ్యుడొకరు నక్షాలో 150 అని చూసి టేపు పట్టి కొలిచారు. 99 అడుగులే వచ్చింది. పక్కవాడు 51 అడుగులు మింగేశాడని ఊరంతా చెప్పేశారు. 150 లింకులంటే 99 అడుగులే కదా. పాపం ఆ పక్కాయన ఏం మింగలేదు, ఆ ఏడాది ఆయనకు నిద్ర మాత్రం లేదు. నక్షా చేతికి రాగానే అంకెలు లింకులా, మీటర్లా అని ముందు అడగండి.

ఏ ఊళ్లో ఎవరిని అడగాలి

తమిళనాడులో పట్టా ఎవరి పేరున ఉందో చూపిస్తుంది గాని, గీత ఎక్కడుందో చూపించేది ఎఫ్.ఎం.బి. నక్షా. పట్టణాల్లో అయితే టౌన్ సర్వే రికార్డు చూడాలి. పట్టా, నక్షా రెండూ ఆన్‌లైనులో తీసుకోవచ్చు. కొలిపించుకోవడానికి పెట్టే దరఖాస్తును ఎఫ్-లైను దరఖాస్తు అంటారు. సర్వేవారి భాషలో ఎఫ్-లైను అంటే పొలం హద్దు గీత. ఫీజు కట్టాలి, పక్కవారికి నోటీసు వెళ్లాలి. నోటీసు లేకుండా కొలిచిన కొలత రేపు నిలవదు. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం కింద అధికారి హద్దును నిర్ణయించి సర్వే పూర్తయినట్టు ప్రకటిస్తే, అది తప్పనుకున్నవారు ఆ ప్రకటన తేదీ నుంచి మూడేళ్లలోగా సివిల్ కోర్టుకు వెళ్లాలి. మా ప్రాంతంవారికి ఇంకో మాట. ఇక్కడ పాత కాగితాలు వెతికేటప్పుడు జిల్లా పేరు చూసి కంగారు పడొద్దు. 1965 దాకా మనం సేలం జిల్లా, తర్వాత ధర్మపురి, 2004 నుంచి కృష్ణగిరి.

కర్ణాటకలో హద్దు కొలిపించడాన్ని హద్దుబస్తు అంటారు. పహణీ వెంట టిప్పణీ, ఆకార్‌బంద్ కాగితాల నకళ్లు కూడా తీయాలి, కొలత వివరం అక్కడే ఉంటుంది. పట్టణాల్లో ఖాతా చూపించి "ఇదే మా హద్దు" అనేవారు ఉన్నారు. ఖాతా పన్ను కట్టడానికి మాత్రమే. మహారాష్ట్రలో సాత్‌బారా ఉతారా, పట్టణంలో అయితే ప్రాపర్టీ కార్డు ఉంటాయి. కొలతకు భూమి అభిలేఖ కార్యాలయంలో మోజణీ దరఖాస్తు పెట్టాలి. అక్కడ గట్ నంబరు అని కనిపిస్తే మన గట్టు అనుకోకండి. అది భూమి ముక్కల సముదాయానికిచ్చిన అంకె. మన గట్టును వాళ్లు బాంధ్ అంటారు.

ఒడిశాలో తహసీల్దారుకు దరఖాస్తు పెడితే అమీను వచ్చి కొలుస్తాడు. గంజాం, కొరాపుట్ వైపు మన ఇళ్లలో 1936కు ముందువి, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ నాటివి, తెలుగు కాగితాలు ఉండే అవకాశం ఉంది. పాతవని పారేయకండి. యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలన, కనుక తాతల కాగితం ఫ్రెంచిలో ఉండొచ్చు. దాన్ని చదివించి, ఇప్పటి సర్వే రికార్డు పక్కన పెట్టుకున్నాకే పక్కవారితో మాట్లాడండి.

ఎంత దూరంలో నాటాలి

నాటేటప్పుడు మొక్క జానెడు ఉంటుంది. అప్పుడు దాన్ని చూసి దూరం నిర్ణయిస్తే ఇరవై ఏళ్ల తర్వాత పక్కవారు అనుభవిస్తారు.

కొబ్బరి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ 7.5 మీటర్లు, అంటే దాదాపు 25 అడుగులు వదలమని వ్యవసాయ శాఖవారు చెబుతారు. మట్ట ఐదారు మీటర్లు సాగుతుంది కనుక. అందులో సగం, పన్నెండడుగులకు తగ్గకుండా హద్దు నుంచి వదిలితే మట్టా కాయా మీ స్థలంలోనే పడతాయి. మామిడి, పనస, వేపకు పదిహేను అడుగులు వదలండి. అంత స్థలం లేకపోతే ఆ చెట్టు వద్దు. మునగ కొమ్మ పెళుసు, గాలికి విరిగి అవతలివారి రేకు మీదే పడుతుంది. ఎనిమిదడుగుల లోపల పెట్టి ఏటా నరకండి. కరివేపాకు చూడటానికి బుద్ధిమంతురాలే. వేరు మీద పిలకలు వేస్తూ గోడ కింద నుంచి పక్కవారి పెరట్లో లేస్తుంది. అరటి కూడా అంతే, పిలక పిలకకు అడుగు జరుగుతుంది. వెదురు పొద ఏటేటా వెడల్పవుతుంది. ఇవి మూడూ హద్దు పక్కన వద్దు.

యానాంవారు ఆసక్తిగా చదివే సంగతి ఒకటుంది. ఫ్రెంచి సివిల్ కోడులో, రెండు మీటర్లకు మించి పెరిగే చెట్టుకు హద్దు నుంచి రెండు మీటర్లు, అంతకంటే పొట్టివాటికి అరమీటరు దూరం అని ఉంది. దాన్ని పట్టుకుని ఇప్పుడు ఎవరి మీదా కేసు వేయమని మేము అనడం లేదు. పూలమొక్కలకూ పొట్టి కంచెకూ ఆ అరమీటరు లెక్క మాత్రం బాగుంది. మందారం, నందివర్ధనం, గోరింట నాటేటప్పుడు గీత నుంచి రెండడుగులు లోపలికి రండి. కంచె అవతలి ముఖం కత్తిరించడానికి మీరు పక్కవారి స్థలంలో అడుగు పెట్టక్కర లేకుండా ఉంటుంది. మా నాన్నగారు ఈ రెండడుగులు వదిలి ఉంటే మేము ఆ పెళ్లి భోజనం పోగొట్టుకునేవాళ్లం కాదు.

ఎవరూ నాటని చెట్టు రావి. పిట్ట వేసిన గింజ గోడ పగులులో మొలుస్తుంది. కొట్టడానికి ఇద్దరికీ చేయి రాదు. మూడేళ్లకు గోడ చీలుతుంది. చిటికెన వేలంత ఉన్నప్పుడే వేరుతో లాగి, చెరువు కట్ట మీదో గుడి దగ్గరో నాటించండి.

కొమ్మ దాటితే, వేరు దాటితే

చెట్టు ఎవరి నేలలో మొలిచిందో వారిది. కొమ్మ పక్కవారి మీదుగా వెళ్లినంత మాత్రాన చెట్టు చేతులు మారదు. కాయ అవతల పడ్డా చెట్టుగలవారిదే. ఇక కొమ్మ మీ స్థలం మీదికి వస్తే, మీ వైపు నిలబడి, గీత దాకా కొట్టుకునే హక్కు మీకుంది. వేరుకూ అదే నియమం. ఇంగ్లండులో లెమ్మన్, వెబ్ అనే ఇద్దరు పొరుగువారి తగవులో ప్రభువుల సభ ఈ మాట తేల్చింది. ఆ తీర్పు 1895 నాటి లా రిపోర్టులో ఉంది, మన కోర్టులూ ఆ దారినే నడిచాయి. గోడెక్కి అవతలికి దిగి కొట్టే హక్కు లేదు. గీత దాటి ఒక అంగుళం లోపల కొట్టే హక్కూ లేదు. కొట్టిన కొమ్మను మీ పొయ్యిలో పెట్టుకోకుండా వాళ్లకే ఇచ్చేయండి. మొదట్లో ఆసిడ్ పోసి చెట్టును చంపడం నేరం. అలా చేసి గొప్పగా చెప్పుకున్న మనిషిని మేము చూశాం.

"ముప్పై ఏళ్లుగా మా కొమ్మ అక్కడే ఉంది, ఇప్పుడెవరు అడగడానికి?" అనేవారున్నారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కింద ఇరవై ఏళ్లు అడ్డులేకుండా వాడుకున్న బాటకు, వెలుతురుకు హక్కు రావచ్చు గాని, కొమ్మ వేలాడేసే హక్కు రాదు. కొమ్మ ఏటా పెరుగుతూనే ఉంటుంది కదా, ఏ కొలతకు హక్కు ఇస్తారు?

హక్కు ఉంది కదా అని చెప్పకుండా కత్తి పట్టుకోకండి. ముందు నోటితో చెప్పండి, కాయలు దిగే కాలమైతే ఆగండి, వారం తర్వాత కాగితం మీద రాసి ఇవ్వండి. మీకు నష్టం జరిగిందని అడగాలంటే, చెట్టు ప్రమాదంగా ఉందని వాళ్లకు ముందే తెలిపారన్న రుజువు చాలా పనికొస్తుంది. రేకు పగిలాక తీసిన ఫోటోకంటే, పగలకముందు తేదీతో ఇచ్చిన ఉత్తరం నకలు బలమైనది.

ఎండిపోయి మనుషుల మీద పడేలా ఉన్న చెట్టు వేరే సంగతి. పంచాయతీకో మునిసిపాలిటీకో రాయండి. కదలకపోతే ఆర్.డి.ఓ. దగ్గరకు వెళ్లండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద, పడిపోయేలా ఉన్న చెట్టును తీయించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఇది 133. 2024 జూలై నుంచి అంకె మారింది, పాత అంకె వేసిన దరఖాస్తులు ఇంకా తిరుగుతున్నాయి.

మీ సొంత చెట్టయినా మొదలంటా కొట్టాలంటే అనుమతి కావాలేమో చూసుకోండి. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ఉంది. కొబ్బరి, నీలగిరి, సుబాబుల్, సిల్వర్ ఓక్ లాంటివి కొన్ని దానికి మినహాయింపు. మహారాష్ట్ర పట్టణాల్లో 1975 చట్టం ఉంది. తమిళనాడులో తాటిచెట్టు కొట్టాలంటే కలెక్టరు అనుమతి తప్పనిసరని 2021లో ప్రకటించారు. గంధపు మొక్క తనంతట మొలిచినా అటవీశాఖకు చెప్పకుండా ముట్టుకోకండి.

సరిగ్గా గీత మీద మొలిచిన చెట్టు ఇద్దరిదీ. ఒకరి ఇష్టంతో కొట్టడానికి లేదు. మా కొబ్బరి ఒకటి అలాంటిదే.

గోడ, రాయి, పన్నెండేళ్లు

కాంపౌండు గోడ కట్టేవారు పైకి కనిపించే తొమ్మిది అంగుళాలే చూస్తారు. నేల కింద పునాది దాని కంటే వెడల్పు ఉంటుంది. గోడ మీ స్థలంలో ఉండి పునాది అవతలికి పోతే అది కూడా ఆక్రమణే. పునాది అంచు గీత లోపల ఉండేలా మేస్త్రీకి ముగ్గు పోసి చూపించండి. గోడ ఉమ్మడిగా కట్టుకుంటే ఖర్చు ఎవరెంత, వానకు పడితే మళ్లీ ఎవరు కట్టాలి అన్నది ముందే రాసుకోవాలి.

హద్దురాయిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కదపకండి. ప్రభుత్వం పాతిన రాయిని జరిపినా పగలగొట్టినా జైలు శిక్ష పడే నేరం. ట్రాక్టరు తగిలి పడిపోతే ఫోటో తీసి, పక్కవారిని పిలిచి చూపించి, గ్రామాధికారికి రాసి ఇవ్వండి. మీరే నిలబెడితే "జరిపి పెట్టాడు" అన్న మాట వస్తుంది.

పక్కవారు మీ నేలను మీ అనుమతి లేకుండా, బాహాటంగా, తమదే అన్నట్టు పన్నెండేళ్లు పట్టుకుని ఉంటే 1963 లిమిటేషన్ చట్టం కింద మీ దావా కాలం దాటిపోయే ప్రమాదం ఉంది. ఊరు విడిచి బెంగళూరు, పూణే వెళ్లిన పిల్లల ఆస్తులు పోయేది ఇలాగే. అనుమతితో వాడుకుంటే ఆ లెక్క నడవదు. అందుకే మంచికి వదిలినదాన్ని కూడా "అనుమతి ఇచ్చాను" అని రాసిపెట్టుకోవడం అవసరం. అడిగితే పక్కవారు బాధపడతారేమో అని మొహమాటపడతాం. మా అన్న బాధపడలేదు, పైగా ఆయనకే ఆ కాగితం ఎక్కువ అవసరమైంది. చెట్టు మాది, నేల ఆయనది కదా.

మా కాగితంలో ఏముందంటే: రెండు తోటల సర్వే నంబర్లు, కొలిచిన తేదీ, రాయి ఉన్న చోటు, రెండు చెట్లలో ఏది గీత మీద ఉందో, ఏది ఎంత లోపల ఉందో. కాయలు మావి, మట్టలు పడి నష్టమైతే బాధ్యత మాది, ఏటా వానలకు ముందు ఎండు మట్టలు తీయించాలి, చెట్టు పోయాక అక్కడ మళ్లీ నాటకూడదు, చెట్టు నిలిచి ఉన్నంత మాత్రాన ఆ నేల మీద మాకు హక్కు లేదు. ఇద్దరు సాక్షులు, ఒకరు మా వైపు, ఒకరు వాళ్ల వైపు. తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి రాసి, రెండింటి మీదా ఇద్దరమూ సంతకం పెట్టాం. పక్కవారు చదవలేని భాషలో కాగితం రాసి సంతకం పెట్టమంటే రేపు వాళ్ల పిల్లలు దాన్ని మోసమంటారు. మనకు అదే జరిగితే మనమూ అంటాం. ఇలాంటి ఏర్పాటుకు సాదా కాగితం పనికొస్తుంది గాని, నేలనే ఒకరి నుంచి ఒకరికి మార్చుకుంటే రిజిస్ట్రేషను తప్పదు.

మాటలతో కుదరకపోతే నేరుగా వకీలు దగ్గరకు పోయే ముందు తాలూకా న్యాయ సేవల కమిటీలో అడగండి. లోక్ అదాలతులో కేసు వేయకముందే రాజీకి కూర్చోవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి అర్థమయ్యాకే సంతకం పెట్టండి, మీ భాషలో చదివి వినిపించమని అడగండి.

సంఘం చేసేది, చేయనిది

ఒక గెనిమ తగవులో మూడో రోజు "మీరు ఎక్కడినుంచో వచ్చినవారు" అన్న మాట వచ్చింది. ఆ సభ్యుడి కుటుంబం అక్కడ ఎన్ని తరాలుగా ఉందో వాళ్లకే లెక్క లేదు. వేడెక్కి ఫోను చేశారు, సంఘం తరఫున పదిమంది రావాలన్నారు. మేము వెళ్లలేదు. ఆయనకు ఇంకా మా మీద కోపమే. పదిమంది తెలుగువాళ్లం వెళ్లి నిలబడితే మూడడుగుల మట్టి తగవు భాష తగవు అవుతుంది. రాయి ఎక్కడుందో ఎవరూ చూడరు, ఆ ఇంటివారు మాత్రం రేపటి నుంచి అదే వీధిలో బతకాలి. వాట్సాప్‌లో "మనవారికి అన్యాయం" అని పంపేవారు కూడా ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. ఆ మాటకు జవాబు చెప్పకుండా "కొలిపిద్దాం" అనడమే మంచిదని మా అనుభవం. కొలత రోజున మీ వైపు సాక్షిగా ఆ ఊరి పెద్దమనిషినే, ఆ ఊరి భాష మాట్లాడే మనిషినే పిలవండి.

సంఘం తప్పకుండా చేసేది ఒకటుంది. పాత తెలుగు దస్తావేజులు చదివి పెడతాం. పాత గుమాస్తాల గొలుసుకట్టు రాత, ఫసలీ సంవత్సరాల లెక్క ఇప్పటి పిల్లలకు అంతుపట్టవు. ఫసలీకి 590 కలిపితే దాదాపు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అసలు కాగితం తేకండి, జెరాక్సు తెండి. ఆదివారం ఉదయం పది తర్వాత గది తెరిచే ఉంటుంది. దస్తావేజు, పట్టా, సర్వే నక్షా మూడూ ఉంటే పని సగం అయినట్టే. నక్షా లేకపోతే అక్కడే ఆన్‌లైనులో వెతికి తీసుకోవచ్చు.

మొదట చెప్పిన సభ్యుడి కొలత వచ్చే వారం. పగిలిన రేకు మీద ఆయన ఇప్పటికి గోనె పరిచారు. పక్కింటావిడ మట్టలు తీయడానికి మనిషిని పిలిపించిందట. మా గీత మీది కొబ్బరిచెట్టుకు నిరుడు ఎర్రముక్కు పురుగు పట్టి తల వాలిపోయింది. కాగితంలో ఉన్నట్టే ఇద్దరమూ నిలబడి తీయించాం. ఆ గుంటలో మేము మొక్క పెట్టలేదు.